ఎలుకలమందు పంపిణీని గూర్చి పురపాలక సంఘ కమిషనరు గారికి బహిరంగ లేఖ

ఆర్యా,

వర్షర్తువున మురుగుకాలువలు పొంగినంతనే పందికొక్కులును ఎలుకలును ఇండ్లలోనికి చొరబడుటయు, తమ సిబ్బంది వీధివీధికిని వచ్చి విషము పంచిపోవుటయు మా పేటలో ఏటేట జరుగుచున్నవి. ఎలుకలమందైన జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీను వాయువును పుట్టించి ప్రాణము తీయుననియు, దానికి విరుగుడు లేదనియు, బ్రోమాడయోలోను అను మరియొక మందు తిన్న ఎలుకను పట్టిన పిల్లియు గుడ్లగూబయు ఆ విషమునకే లోనగుననియు తమకు తెలియనిది కాదు. పసిబిడ్డలు పారాడు ఇండ్లకు అట్టి విషములను పంచుట నాకెంతమాత్రమును సమ్మతము కాదు.

విషము లేకయే వీనిని అరికట్టవచ్చును. చిట్టెలుక లోనికి దూరుటకు ఆరు మిల్లీమీటర్ల సందు చాలును. మా వంటింటి తూము ప్రక్కనున్న అట్టి కన్నమును గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చి, తూమునకు ఇనుపజల్లెడ బిగించి, బియ్యమును గోనెసంచినుండి మూతగల రేకుడబ్బాలోనికి మార్చి, అంట్లను రాత్రియే తోమి పెట్టిన పిదప, లోపల చిక్కుపడినవానికి కాల్చిన కొబ్బరిముక్క గ్రుచ్చిన బోనే చాలినది. ఆడెలుక మూడు వారములకే ఈనును గనుక, తిండియు తావును దొరకినంతకాలము, చచ్చినవాని లోటును పుట్టినవి పూరించుచునే యుండును.

కావున విషమునకు వెచ్చించు ధనముతో జల్లెడలు కొని పేదలకు పంచి, బోనులను వార్డు కార్యాలయమున ఎరువిప్పించి, అన్నిటికంటె ముందుగా, మా కూడలిలోని చెత్తకుప్పను ప్రొద్దుగూకకమునుపే ఎత్తించవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
పన్ను చెల్లించు పౌరుడొకడు