ఉచిత పియానోకు లెక్కలో రాని ఖర్చు

"పియానో ఉచితం. మీరే వచ్చి తీసుకువెళ్లాలి." అమెరికాలో ఇల్లు ఖాళీ చేసే కుటుంబాలు ఇచ్చే ప్రకటనల్లో ఈ మాట మామూలైపోయింది. అక్కడి తెలుగు సంఘాలకు ఇలాంటి పియానో ఇస్తామనే మాట పొరుగువారి నుంచో, ఆరాధనకు హాలు అద్దెకిచ్చిన అమెరికన్ సంఘం నుంచో వస్తుంది. వినగానే "దేవుడే పంపాడు" అనుకోవడం సహజం. అయితే సంఘ పెద్దలు ఆ ప్రకటనలోని రెండో వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఖర్చు మొదలయ్యేది అక్కడే.

ఇన్ని పియానోలు ఉచితంగా ఎందుకు వస్తున్నాయి? రేడియో, గ్రామఫోన్ ఇంటింటికీ చేరకముందు అమెరికా కుటుంబాల్లో సంగీతమంటే పియానోయే. 1909లో ఆ దేశంలో 3,60,000కు పైగా పియానోలు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత రేడియో వచ్చింది, 1929 నాటి ఆర్థిక మాంద్యం వచ్చింది, చివరికి ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చాయి. ఇప్పుడు కొత్త పియానోల అమ్మకాలు ఆనాటి లెక్కలో పదో వంతు దరిదాపులకు పడిపోయాయి. నాడు కొన్నవారి మనవళ్లు చిన్న ఇళ్లకు మారుతూ వాటిని వదిలించుకుంటున్నారు. కొనేవారు లేక పియానోలు చెత్తకుప్పలకు చేరుతున్న సంగతిని 2012లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది.

దీనికి తోడు చర్చిలు మూతపడుతున్నాయి. 2019లో అమెరికాలో సుమారు 3,000 ప్రొటెస్టెంట్ సంఘాలు ప్రారంభమైతే, సుమారు 4,500 మూతపడ్డాయని లైఫ్‌వే రీసెర్చ్ అంచనా వేసింది. మూతపడిన చర్చి బల్లలను, పియానోను ఎవరికో ఒకరికి అప్పగించాలి. కొత్తగా మొదలైన వలస సంఘమే ముందు గుర్తుకు వస్తుంది. ఇచ్చేవారి మనసు మంచిదే. కానీ చాలాసార్లు పియానోతో పాటు దాన్ని వదిలించుకునే ఖర్చు కూడా చేతులు మారుతుంది.

మొదటి ఖర్చు మోత. గోడకు ఆనించి పెట్టే పాత పియానో బరువు 200 నుంచి 350 కిలోల దాకా ఉంటుంది. లోపల ఇనుప పోత చట్రం ఉంటుంది. యువకులు నలుగురు పట్టుకుంటే కదులుతుంది గానీ, మెట్ల మీద జారితే కాలో నడుమో విరుగుతుంది. పని తెలిసిన మనుషులను పిలిస్తే కొన్ని వందల డాలర్లు అవుతుంది. మెట్లుంటే ఇంకా ఎక్కువ.

రెండోది శ్రుతి. పియానోలో 230 దరిదాపుల్లో తీగలుంటాయి. అవన్నీ కలిసి చట్రాన్ని లాగే బలం 15 నుంచి 20 టన్నులు. ఏళ్ల తరబడి శ్రుతి చేయించకపోతే తీగలు సడలి మొత్తం వాద్యం అర స్వరమో అంతకంటే ఎక్కువో దిగిపోతుంది. దాన్ని తిరిగి పైకి తేవాలంటే ట్యూనర్ ఒకటికి రెండుసార్లు శ్రుతి చేయాలి. ఆ పనిలో తుప్పుపట్టిన తీగలు తెగవచ్చు. తీగలు చుట్టిన పిన్నులను పట్టి ఉంచే చెక్క పగిలి ఉంటే శ్రుతి వారం కూడా నిలవదు. ఆ మరమ్మతుకు వేల డాలర్లు కావాలి.

మూడోది వాతావరణం. పియానోలో ఎక్కువ భాగం చెక్క, ఉన్ని. తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుని పగులుతుంది. ఉన్నిని చిమ్మటలు తింటాయి, అడుగున ఎలుకలు గూళ్లు పెడతాయి. ఆదివారం మాత్రమే హీటర్ వేసి, మిగిలిన ఆరు రోజులు చల్లగా వదిలేసే హాలు పియానోకు మంచిది కాదు. మన దగ్గర ఆదివారం మాత్రమే ఏసీ వేసే మందిరాలకూ ఇదే వర్తిస్తుంది. కోస్తా జిల్లాల్లో సముద్రపు గాలికి తీగలు తుప్పుపడతాయి, చెదల బెడద సరేసరి. పైగా పియానో ట్యూనర్ దొరకడం మన పట్టణాల్లో కష్టం.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. అమెరికాలో మోతకు 400 డాలర్లు, మొదటిసారి శ్రుతి పైకి తేవడానికి 300, ఆ తర్వాత ఆరు నెలలకోసారి 200 చొప్పున తొమ్మిది సార్లకు 1,800, చివరికి తీసి పారేయించడానికి 400. ఐదేళ్లకు మొత్తం 2,900 డాలర్లు. ధరలు ఊరిని బట్టి మారతాయి. మరమ్మతు ఒక్కటీ రాలేదనుకుంటేనే ఈ లెక్క. 88 మెట్ల డిజిటల్ పియానో కొత్తది ఇందులో మూడో వంతుకే దొరుకుతుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా మన ఆరాధనకు ఏది ఉపయోగమో చూడాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడే సంఘానికి హార్మోనియం, తబలా అలవాటు. యువకులు గిటారు, కీబోర్డు వాయిస్తారు. అర స్వరం దిగిన పియానో వీటిలో దేనితోనూ కలవదు. పాట శ్రుతి ఎక్కువై పెద్దవారు అందుకోలేకపోతే కీబోర్డులో ఒక మీట నొక్కి దించుకోవచ్చు. పియానోలో ఆ వీలు లేదు. వాయించేవారు మొత్తం పాటను మరో శ్రుతిలోకి మార్చి వాయించాలి. అంత నేర్పున్నవారు మన సంఘంలో ఎందరు?

స్వదేశంలోని సంఘానికి ఓడలో పంపుదామనుకునేవారు మరొకటి గమనించాలి. చాలా పాత పియానోల మెట్లకు ఏనుగు దంతం తొడుగు ఉంటుంది. దంతం ఉన్న వస్తువులు దేశాలు దాటడం మీద అంతర్జాతీయ ఒప్పందాల కట్టడి ఉంది, మన వన్యప్రాణి చట్టం కూడా కఠినమైనదే. సదుద్దేశం ఉన్నంత మాత్రాన కస్టమ్స్ వారు వదిలిపెట్టరు.

డబ్బు లెక్కకు అందని ఖర్చు ఇంకొకటి ఉంది. కానుకగా వచ్చిన వస్తువు మీద ఎవరో ఒకరి తల్లిదండ్రుల పేరు ఉంటుంది. అది పాడైన తర్వాత తీసివేద్దామంటే ఆ కుటుంబం నొచ్చుకుంటుంది. ఉంచితే పిల్లల సండేస్కూలు స్థలం పోతుంది. ఈ ఒక్క వస్తువు మీద కమిటీ మీటింగులు వేడెక్కుతాయి. తీసుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న అడగనందువల్ల వచ్చే తగవు ఇది.

గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పింది లూకా 14వ అధ్యాయంలో చదువుతున్నాం. అది శిష్యత్వం గురించిన బోధ. అయినా అందులోని వివేకం సంఘ ఖజానాకూ పనికివస్తుంది. విధవరాలి రెండు కాసులు కూడా కలిసిన ఆ సొమ్ముకు పెద్దలు గృహనిర్వాహకులు. ఇచ్చేవారికి కూడా ఒక మాట ఉంది. అరౌనా తన కళ్లాన్ని ఊరకే ఇస్తానన్నా దావీదు వెల యిచ్చే కొన్నాడు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించడం అతనికి ఇష్టం లేకపోయింది. మన ఇంట్లో అడ్డమైనదాన్ని మందిరానికి పంపేటప్పుడు ఈ సంగతి తలుచుకోవాలి.

అలాగని ప్రతి పాత పియానోనూ కాదనమని చెప్పడం లేదు. క్రమంగా శ్రుతి చేయించి బాగా చూసుకున్న పియానో నిజంగా ఆశీర్వాదమే. నేర్చుకునే పిల్లవాడి వేలికి అది ఇచ్చే స్పర్శ చవక కీబోర్డు ఇవ్వదు. అందుకే ఒప్పుకునే ముందు ఒక ట్యూనర్‌కు ఫీజు ఇచ్చి చూపించండి. చివరిసారి ఎప్పుడు శ్రుతి చేయించారో అడగండి. మోత ఖర్చు, మొదటి శ్రుతి ఖర్చు దాతలు భరించగలరా అని మర్యాదగా అడగండి. అవసరం తీరాక సంఘం దాన్ని తీసివేయవచ్చని మినిట్స్‌లో రాసుకోండి. ఏటా దాని పోషణకు బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టండి.

ఈ ప్రశ్నలకు జవాబు రాకపోతే, "మీ ప్రేమకు వందనాలు, మా సంఘానికి దీన్ని పోషించే శక్తి లేదండి" అని చెప్పండి. ఆ మాట ఈరోజు చెబితే దాత కాస్త చిన్నబుచ్చుకోవచ్చు. చెప్పకపోతే ఐదేళ్ల తర్వాత అదే మాట అతని పిల్లలతో చెప్పవలసి వస్తుంది, అప్పటికి సంఘం డబ్బు కూడా ఖర్చయిపోయి ఉంటుంది.