లండన్ ప్రయాణం అమరావతిలో మొదలుపెట్టండి

"లండన్ వెళ్తున్నాం, నాలుగు రోజులుంటాం. ఏమేం చూడాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అడుగుతూనే తమ జాబితా కూడా చదివేస్తారు. బిగ్ బెన్, లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్, మైనపు బొమ్మలు, టవర్‌లో కోహినూర్. అన్నీ చూడాల్సినవే, కాదనను. వాటికి ఇంకొక్కటి కలపమంటాను: బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ నంబరు గది.

అందులో ఉన్నవి మన అమరావతి స్తూపం శిల్పాలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ముందు మద్రాసు చేరాయి. 1859లో చాలావాటిని ఓడెక్కించి లండన్ పంపేశారు. ఇప్పుడు అమరావతికి వెళ్తే మనకు మిగిలింది చాలావరకు దిబ్బే. స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలియాలంటే ఆ గదిలోని ఒక పలక చూడాలి. దాని మీద శిల్పులు స్తూపాన్నే చెక్కిపెట్టారు. అదే రాయికి రెండోవైపు ఇంకా పాత శిల్పం ఉంది: బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజులవి.

కోహినూర్ కూడా మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనులదేనని చెప్పుకుంటాం. దాన్ని చూడాలంటే టవర్‌కి టికెట్టు కొనాలి. అమరావతి శిల్పాలకు పైసా అక్కర్లేదు. అయినా మనవాళ్లు మొదటిదానికే పరిగెత్తుతారు!

ఇక ఏర్పాట్ల సంగతి. షెంజెన్ వీసా లండన్‌కి పనికిరాదు, బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. హీత్రూలో దిగితే పికడిల్లీ లైను రైలు ఎక్కి, మారకుండా రసెల్ స్క్వేర్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి మ్యూజియం నడక దూరమే. బ్యాంకు కార్డు తాకిస్తే రైలు గేటు తెరుచుకుంటుంది. అయితే మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. బయల్దేరే ముందే దాన్ని విదేశాల్లో పనిచేసేలా మార్చుకోండి. మ్యూజియం మామూలుగా సాయంత్రం ఐదు వరకే, శుక్రవారం మాత్రం ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. పగలంతా ఊరు తిరిగి, ఆ సాయంత్రం ఇక్కడికి రావచ్చు. ఒక్కోసారి కొన్ని గదులు మూసేస్తారు, ముందురోజు వాళ్ల వెబ్‌సైటు చూసుకోండి.

పిల్లలతో వెళ్తున్నారా? అయితే వీలు చూసుకుని, విమానం ఎక్కేలోపే ఒక ఆదివారం వాళ్లను అమరావతి తీసుకెళ్లండి. దిబ్బ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించండి. ఇక్కడ లేనిదేమిటో చూసిన పిల్లలకి, అక్కడ ఉన్నదేమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.