నవలలు రాసేవాళ్ళకి కరెంటు పని చెప్తారా?

నేను బి.ఏ. చదివినదాన్ని. మా ఇంట్లో ఏ మీట ఏ దీపానిదో ఇప్పటికీ తడుముకుంటాను. అయినా ఈ ఏఐ సంగతి మాట్లాడ్డానికి నాకో అర్హత ఉందండీ. ఇరవై ఏళ్ళుగా లేనిదాన్ని ఉన్నట్టు రాసి మిమ్మల్ని నమ్మిస్తున్నదాన్ని మరి!

మొన్న చలికాలంలో మా గీజరు వేసీ వేయగానే ఎం.సి.బి. టక్కున పడిపోవడం మొదలెట్టింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే "చూడకుండా చెప్పలేనమ్మా, సాయంత్రం వస్తా" అన్నాడు. ఇంజనీరింగు ఆఖరేడు చదువుతున్న మావాడికి అంత ఓపికేదీ? సెల్లు తీసి ఏఐని అడిగాడు. అది క్షణం తటపటాయించకుండా, "మీ ఎం.సి.బి. చాలడం లేదు, 16 ఆంపియర్లది తీసి 32ది వేయండి" అంది. ఎలా బిగించాలో కూడా వరసగా చెప్పింది. ఎంత మర్యాద, ఎంత వివరం! మావారు కూడా "బాగానే చెప్పిందే" అనేశారు. సాయంత్రం దాకా వాణ్ణి స్టూలెక్కనివ్వకుండా ఆపేసరికి నా తాతలు దిగొచ్చారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, విని, తల పట్టుకున్నాడు. "రెండు వేల వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్లు కూడా లాగదమ్మా. పదహారుది పడిపోతోందంటే లోపల కాయిలు పోయిందన్నమాట. ముప్ఫై రెండుది పెడితే అది పడదు, గోడలో వైరు కాలుద్ది."

నాకు కాళ్ళు వణికాయి.

ఆ యంత్రం మా గీజరుని చూసిందా, పెట్టిందా? ఏ మాట పక్కన ఏ మాట వస్తే నిజంలా ఉంటుందో, దానికి తెలిసిన విద్య అదొక్కటే. అయ్యో, అది నా విద్యేనండీ! నా నవల్లో డాక్టరు గుండె ఆపరేషను చేస్తే కన్నీళ్ళతో ఉత్తరాలు రాశారు పాఠకులు. ఆ పేజీ చూసి ఎవరైనా కత్తి పట్టుకున్నారా?

"మా కంప్యూటర్ల వాళ్ళు అలా మోసపోరులే" అంటాడు మావాడు. పోరా? 2025 జూలైలో జేసన్ లెమ్‌కిన్ అనే అమెరికన్ వ్యాపారి రెప్లిట్ కంపెనీ ఏఐ చేత ప్రోగ్రాములు రాయించుకుంటున్నాడు. ఇక ఏదీ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పినా, పన్నెండు వందల మందికి పైగా వివరాలున్న డేటాబేసుని అది తుడిచిపారేసింది. పైగా పోయింది తిరిగి రాదంది. తీరా చూస్తే వచ్చింది! అంటే తప్పు చేసినప్పుడూ ధీమానే, తప్పు ఒప్పుకున్నప్పుడూ ధీమానే. కంగారుపడి చేశానని సంజాయిషీ ఒకటి. క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది మాత్రం కంపెనీ పెద్దాయన.

పెళ్ళిపిలుపు రాయించుకోండి, నేనొద్దనను. తప్పయితే నవ్వుకుంటాం. కరెంటూ, గ్యాసూ, మందుల మోతాదూ అలాంటివి కావు. "చూడకుండా చెప్పలేనమ్మా" అన్న మనిషి కోసం సాయంత్రం దాకా చన్నీళ్ళు పోసుకుంటే పోయేదేముంది?

కాయిలు మార్చి, డబ్బు పుచ్చుకుని ఎలక్ట్రీషియన్ గడప దాటాడో లేదో, మావాడు మళ్ళీ సెల్లు తీశాడు. ఏమిట్రా అంటే, అతను తీసుకున్నది న్యాయమైన కూలేనా అని దాన్నే అడుగుతున్నాడు!