మనం ఏం చిలుకుతున్నాం?

పటాన్‌చెరు, పాశమైలారం చుట్టుపక్కల ఇళ్లల్లో ఇప్పుడు కవ్వం అరుదు. పొద్దున్నే షిఫ్టుకు పోయేవాళ్లం, పెరుగూ వెన్నా ప్యాకెట్లలోనే కొంటున్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ చిలకడం మాత్రం మనం మానలేదు.

సామెతలు 30:33 చదవండి. వెన్న తీయడం, ముక్కు పిండడం, కోపం రేపడం... మూడింటికీ హెబ్రీ మూలంలో ఒకే మాట ఉంది. ఒత్తడం అని దాని అర్థం. ఆ దేశంలో మేకతోలు తిత్తిని ఊపి వెన్న తీసేవారు. మన పల్లెల్లో గుంజకు ఆనించిన కర్ర కవ్వాన్ని తాడుతో అటూ ఇటూ లాగి సల్ల చిలికేవారు. పనిముట్టు వేరైనా పని ఒకటే. కదిలించిన కొద్దీ లోపలున్నది పైకి వస్తుంది.

కవ్వం పట్టిన మన అమ్మలకు ఎప్పుడు ఆపాలో కూడా తెలుసు. వెన్న తేలగానే చన్నీళ్లు చల్లి, చేత్తో ముద్ద తీసి, కవ్వం కడిగి పెట్టేవారు. మనమో, భూమి అమ్మిన డబ్బుల పంపకాల గొడవను రాత్రి డ్యూటీ దిగి వచ్చాక కూడా ఫోన్లో చిలుకుతూనే ఉంటాం. ఎన్నేళ్లు చిలికినా అందులో వెన్న లేదు.

అన్నదమ్ములతో మాటామాటా అనుకున్నవాళ్లం ఉంటే, ప్రభువు బల్లకు రాకముందే ఆ తాడు వదిలేద్దాం. అంతే ఓపికగా వాక్యాన్ని ధ్యానిద్దాం.