కంచె చేను మేయుట

గృహస్థుడనగా ఇంటియందుండువాడని అర్థము. కొండాపురమున ఉద్యోగము చేయుచు, ఊరిచివర అద్దెకొంపలలో తలదాచుకొను వేలకొలది సంసారులను ఆ పేరున పిలుచుటకు మాకు నోరాడకున్నది. 1998లో సమీపమున సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతము సంపదకు నిలయమైనది. సంతోషమే. కాని ఆ సంపన్నుల బిడ్డలకు చదువు చెప్పు ఉపాధ్యాయుడు, వారి రోగులకు పరిచర్య చేయు నర్సు, వారి పైకము లెక్కించు బ్యాంకు గుమాస్తా ఎక్కడ నివసింపవలయును?

కోటి రూపాయలు ఎనిమిదిన్నర శాతము వడ్డీకి 20 ఏండ్ల గడువుపై తెచ్చినవాడు నెలకు సుమారు 87 వేలు చెల్లింపవలయును; తుదకు వడ్డీయే అసలును మించును. 2019లో కేంద్రప్రభుత్వము పన్ను తగ్గింపునకై, సామాన్యునికి అందుబాటులోని ఇల్లనగా 45 లక్షలకు మించనిదని నిర్ణయించినది. ఆ వెలకు కొండాపురమున సంసారపక్షమైన క్రొత్త ఇల్లు చూపగల సాహసికుని మేమెరుగము.

దీనికి బిల్డర్ల దురాశయే కారణమని పలువురందురు. వర్తకుడు లాభమును కోరుట వింత కాదు. ధర్మకర్త వర్తకుడగుటయే వింత. 1908 నాటి మూసీ వరద పిమ్మట, 1912లో హైదరాబాదున నగరాభివృద్ధి మండలి ఏర్పడి పేదలకు ఇండ్లు కట్టినది. తరువాతి కాలమున గృహమండలి కూకట్‌పల్లిలో అల్పాదాయ, మధ్యాదాయ వర్గములకు కాలనీనే నిర్మించినది. ఆ కూకట్‌పల్లిలోనే, ఆ గృహమండలియే, 2025 జూలైలో తన భూమిని ఎకరము 70 కోట్లకు వేలమున అమ్మినది! అనగా చదరపు గజము లక్షా నలువది నాలుగు వేలకు పైమాటే. 2023 ఆగస్టులో కోకాపేటయందు నగరాభివృద్ధి సంస్థ వేలము 100 కోట్ల 75 లక్షలవరకు పోయినది. ఈ వెల ఇంటి వెలలో కలియక ఆకాశమున కలియునా?

వేలపు సొమ్ము ప్రజలకే వినియోగపడునందురు. సొమ్ము ఖర్చగును, అమ్మిన నేల తిరిగిరాదు. ప్రభుత్వము ఇండ్లు కట్టజాలదని, 2007లో వెలసిన రాజీవ్ స్వగృహను చూపుదురు. నిజమే, బండ్లగూడ, పోచారములందలి ఆ మేడలలో పెక్కు ఏండ్లతరబడి అసంపూర్ణముగ నిలిచి, 2022లో గాని అమ్మకమునకు రాలేదు. కట్టుట చేతకాకున్న కట్టవలదు. నేలను నిలుపుకొనుట చేతకాదా? సింగపూరున ప్రభుత్వము 99 ఏండ్ల కౌలుపై ఇండ్లనిచ్చి, నూటికి డెబ్బదిమందికి పైగా నివాసము కల్పించినది. నేల మాత్రము దొరతనముదే.

కావున మేము కోరునది దానము కాదు. ప్రజల నేలను ఇకపై వేలము వేయరాదు. కౌలుకిచ్చి, కట్టిన ఇండ్లలో సగము మధ్యాదాయపరులకు నిర్ణీతమైన వెలకు ఇచ్చునట్లు షరతు వ్రాయవలయును. అట్లు చేయని గృహమండలి ఆ పేరు మార్చుకొని, భూవిక్రయ మండలి అని బోర్డు కట్టుకొనుట న్యాయము.