బడిలో మరుగుదొడ్డి చూశారా?

బడిలో చేర్చేటప్పుడు ఫీజు, మార్కులు, బస్సు గురించి అడుగుతాం. మరుగుదొడ్డి ఎలా ఉందో ఎందరం చూస్తున్నాం?

అది శుభ్రంగా లేకపోతే ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేసి, సాయంత్రం దాకా మూత్రం ఆపుకుంటారు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం రావచ్చు. అశ్రద్ధ చేస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీలకు పాకవచ్చు.

సర్కారు బడైనా, ప్రైవేటు బడైనా మంచినీళ్లు, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. గది కడితే సరిపోదు. నీళ్లు, తలుపుకు గడియ, సబ్బు ఉండాలి, రోజూ కడగాలి. పాఠం మధ్యలోనైనా పిల్లలు అడిగితే పంపాలి. ఫీజు ఎక్కువైతే ఇవన్నీ ఉంటాయనుకోకండి. మీరే వెళ్లి చూడండి, ప్రధానోపాధ్యాయుల్ని అడగండి.

సాయంత్రం పాప సీసాలో నీళ్లు అలాగే మిగిలితే కోప్పడకండి. ఎందుకు తాగలేదో అడగండి.