ఆ కర్ర ఎక్కడిది?



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి శాఖల ఉమ్మడి సమావేశంలో ఈసారి కూలీ రేట్ల కంటే జ్ఞాపికల మీదే ఎక్కువ వాదన జరిగింది. రిటైరయ్యే కార్మికులకు మనమిచ్చే చెక్క కలశాలను ఈసారి ఆఫ్రికా నల్లకర్రతో చేసిస్తానని బెంగుళూరులోని ఒక లేతు షాపు యజమాని నమూనా తెచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. బాగుంది, కాదనలేం. ఎక్కడ కొట్టిన కర్ర అని అడిగితే "దిగుమతి సరుకండీ" అన్నాడు. కాగితాలడిగితే మాట మార్చాడు. ఆ కర్ర మన ఇరుగుడు జాతిది. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చింది. పర్మిట్ లేనిదే దేశం దాటకూడదు.

దూరం నుంచి వచ్చినంత మాత్రాన కర్రకు మైల అంటదు. ఆ సంగతి మగ్గం మీద పనిచేసిన మనకు ఒకరు చెప్పాలా? షటిల్ నునుపు తగ్గితే పడుగు తెగుతుంది, పడుగు తెగితే కూలీ తెగుతుంది. అందుకే ఇంగ్లండు మిల్లులు షటిళ్ళకు అమెరికా నుంచి డాగ్‌వుడ్, పెర్సిమన్ దుంగలు ఓడల్లో తెప్పించుకున్నాయి. ఆ పెర్సిమన్ మన బీడీ ఆకు తునికికి చుట్టమే.

మన పేచీ కొట్టిన చేతుల గురించి. బాగేపల్లి దాటితే ఆంధ్ర. అక్కడి నుంచి తూర్పుగా పోతే శేషాచలం కొండలు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం అక్కడుంది. చైనాలో కుర్చీలకూ, జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యానికీ అదే దిగుమతి కర్ర. దాన్ని చేతికి తీసుకునేవాడికి రంగు కనిపిస్తుంది, నునుపు కనిపిస్తుంది. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది కనిపించరు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే. దుంగల మీద కోట్లు గడించిన వాళ్ళలో ఒక్కడూ ఆ రోజు ఆ కొండమీద లేడు.

"మనం కొనకపోతే ఆఫ్రికా కూలీ నోట్లో మన్ను కొట్టినట్టు కాదా?" అని చింతామణి సోదరుడొకరు నిలదీశారు. మంచి ప్రశ్న. టాంజానియాలో కిల్వా జిల్లా గ్రామాలు తమ అడవిని తామే చూసుకుంటూ, 2009లో ఎఫ్.ఎస్.సి. ధృవపత్రం సంపాదించి, ఈ నల్లకర్రనే అమ్ముకుంటున్నాయి. డబ్బు ఊరికే చేరుతుంది. అలాంటి కర్రయితే ధర ఎక్కువైనా కొందాం. ఊరూ పేరూ లేని దుంగ కొని ఆ కూలీని ఉద్ధరించామనుకోవడం మాత్రం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

లేతు తిప్పే కుర్రాళ్ళ సంగతీ ఉంది. షాపులో చూశాం, ముక్కుకు గుడ్డ కూడా లేదు. పత్తిదుమ్ము మన ఊపిరితిత్తులను ఏం చేసిందో మనకు తెలుసు. కర్రపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. స్వదేశీ కర్రయినా ఈ పొడి తప్పదు గనుక, ఎవరికి ఆర్డరిచ్చినా మాస్కుల షరతు రాయాలని తీర్మానించాం.

కలశాల పని చన్నపట్నం లక్క పనివారికి అప్పగించాం. వాళ్ళు ఆలె మర అంటారు, మన అంకుడు కర్రే అది. ఏటికొప్పాక బొమ్మలూ దానితోనే చేస్తారు. లేతు మీద తిరుగుతుండగానే లక్క అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. నల్లకర్రంత బరువుండదు, అంత దర్జా రాదు. ఈ ఏడు రిటైరయ్యే పెద్దలు కొందరు మొహం చిన్నబుచ్చుకున్నారు కూడా.

బెంగుళూరు షాపతనితో, కాగితాలు తెస్తే వచ్చే ఏడు మాట్లాడదామని చెప్పాం. ఇంకా తేలేదు.